పోర్షె 911: వెనక ఇంజిన్‌తో అరవై ఏళ్ల కుస్తీ

జర్మన్ స్పోర్ట్స్ కారు పోర్షె 911 గురించి తెలుసుకోబోయేవాళ్లని ముందుగా తికమకపెట్టేవి దాని అంకెలు. బండి పేరు ఏ కాలంలోనైనా 911 అనే ఉంటుంది. తెలిసినవాళ్లు మాత్రం 964 అంటారు, 993 అంటారు, 997 తర్వాత వచ్చినదాన్నేమో 991 అంటారు. ఇవి ఒక్కో తరానికి ఫ్యాక్టరీ లోపల పెట్టుకున్న ప్రాజెక్టు నంబర్లు. వరుస ఇదీ: 1963లో చూపించిన అసలు 911, 1974 మోడల్ నుంచి 1989 దాకా నడిచిన జీ సిరీస్, ఆ తర్వాత 964, 993, 996, 997, 991, 992. జీ సిరీస్ కాలంలోని టర్బోకి విడిగా 930 అని పేరు. అంకెల్ని బట్టి వయసు లెక్కకడితే బోల్తా పడతారు.

అసలు 911 కూడా మొదట అనుకున్న పేరు కాదు. 1963 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో నిలబెట్టినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు ఫ్రాన్స్‌లో తమవని అక్కడి కార్ల కంపెనీ ప్యూజో అడ్డుచెప్పడంతో సున్నా తీసి ఒకటి పెట్టారు. అప్పటికే 901 పేరుతో 82 కార్లు తయారయ్యాయి.

ఈ ఎనిమిది తరాల్నీ కలిపే దారం ఒకటే. ఇంజిన్ వెనక ఇరుసుకి అవతల, కారు చివర్న వేలాడుతూ ఉంటుంది. ఆ బరువునీ, అక్కడ పుట్టే వేడినీ ఎలా అదుపులో పెట్టాలన్న తంటాలే ఈ కారు చరిత్రంతా. ఒక తరంలో వేసిన మందు తర్వాతి తరానికి జబ్బుగా తేలిన సందర్భాలు ఇందులో చాలానే ఉన్నాయి. వాటిని ఆ వరుసలోనే చూస్తే, ఏ ఏడాది బండిలో ఏ భాగం ఎందుకు పాడవుతుందో బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

బరువు ఎక్కడుంది?

911 బరువులో సుమారు 60 శాతం వెనక చక్రాల మీద పడుతుంది. దీనివల్ల లాభం లేకపోలేదు. బయల్దేరేటప్పుడు వెనక టైర్లు రోడ్డుని గట్టిగా పడతాయి. బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకి జరిగినా వెనక చక్రాల మీద ఇంకా బోలెడు మిగిలి ఉంటుంది కాబట్టి ఆపే పనిని నాలుగు టైర్లూ పంచుకుంటాయి. చిక్కల్లా మలుపులోనే.

మలుపు మధ్యలో ఉన్నారనుకోండి. వేగం కాస్త ఎక్కువైందనిపించి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు. ఆ క్షణంలోనే బరువు ముందుకి జరుగుతుంది. ముందు టైర్లకి పట్టు పెరిగి ముక్కు మలుపు లోపలికి తిరుగుతుంది. వెనక టైర్ల మీద భారం తగ్గి వాటి పట్టు సడలుతుంది. పాత 911లో వెనక చక్రాల్ని పట్టుకునేవి సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్‌లు. వాటి రబ్బరు బుష్‌లు ఒత్తిడికి వంగడంతో బయటివైపు చక్రం ముందు అంచు వెంట్రుకవాసి బయటికి తిరుగుతుంది, అంటే వెనక భాగం తనంతట తానే బయటికి స్టీరింగ్ తిప్పుకున్నట్టు. ఇక చివర్న ఉన్న ఇంజిన్ సుత్తి తలకాయలా కారుని తన చుట్టూ తిప్పేస్తుంది. భయపడి బ్రేకు కూడా తొక్కితే మిగిలిన కాస్త పట్టూ పోతుంది. అందుకే పాత 911 నడిపేవాళ్లకి మొదటి పాఠం: వేగం తగ్గించుకోవాల్సింది మలుపుకి ముందు. లోపలికి వచ్చాక కుడికాలు నిలకడగా ఉంచాలి.

ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షె గీసిన ఆ మొదటి కారుకి 2.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్. చక్రాలు నాలుగున్నర అంగుళాల వెడల్పు, టైర్లు 165 మి.మీ. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2211 మి.మీ. మాత్రమే. వెనక బరువుకి ఈ పొట్టి వీల్‌బేస్ తోడయ్యేసరికి బండి నేల మీద నిలకడగా నిలవలేదు. అప్పుడు ఫ్యాక్టరీ వేసిన మందు వింటే నవ్వొస్తుంది: ముందు బంపర్ రెండు చివర్లా లోపల కనపడకుండా ఒక్కోటి 11 కిలోల పోత ఇనుప దిమ్మెలు బిగించారు. తేలిగ్గా ఉండాలని గ్రాము గ్రాము లెక్కపెట్టుకునే స్పోర్ట్స్ కారుకి 22 కిలోల ఇనుము.

సరైన చికిత్స 1969 మోడల్‌లో వచ్చింది. ఇంజిన్ని కదపకుండా వెనక చక్రాల్ని 57 మి.మీ. వెనక్కి జరిపారు. వీల్‌బేస్ 2268 మి.మీ. అయింది. గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు వెళ్లే షాఫ్టులు అప్పట్నుంచీ కాస్త వెనక్కి వాలి ఉంటాయి. ఉన్న ఒక్క బ్యాటరీని రెండు చిన్న బ్యాటరీలుగా విడగొట్టి ముందు మూలల్లో, హెడ్‌లైట్ల వెనక పెట్టారు. దిమ్మెలు చేసిన పనే, ఈసారి అవసరమైన వస్తువుతో చేయించారు.

1973లో వచ్చిన 911 రకం కారెరా ఆర్‌ఎస్ 2.7 గురించి అభిమానులు పూనకంతో మాట్లాడతారు. దాని 210 హార్స్‌పవర్ కన్నా వెనక మూత మీదున్న బాతుతోక ఆకారపు స్పాయిలరే చరిత్రలో పెద్ద మలుపు. 911 వెనక వాలు మీంచి జారే గాలి వేగం పెరిగేకొద్దీ కారు వెనక భాగాన్ని పైకి లేపుతుంది. బరువు ఎక్కడుందో అక్కడే టైరు తేలిపోతే ఏమవుతుందో పైన చూశాం. ఆ చిన్న తోక గాలిని విరగ్గొట్టి లిఫ్ట్ తగ్గించింది. రేసు నిబంధనల కోసం 500 అమ్మితే చాలనుకున్నది 1580కి చేరింది. తేలికైన స్పోర్ట్ రకం బరువు 960 కిలోలే.

వేడి దాక్కునే చోట్లు

గాలితో చల్లబడే ఇంజిన్ అంటారు గానీ సగం పని చేసేది ఆయిల్. అందుకే ఇందులో డ్రై సంప్: ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా కుడివైపు వెనక చక్రం దగ్గరున్న విడి ట్యాంకులో ఉంటుంది. ఒక పంపు ఇంజిన్‌లోంచి తోడి ట్యాంకుకి పంపితే, ఇంకొకటి ట్యాంకులోంచి ఇంజిన్‌కి నెడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు సాధారణంగా చేసే తప్పు ఇక్కడే. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తక్కువున్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే రాత్రంతా కొంత ఆయిల్ ట్యాంకులోంచి క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజిన్ అడుగు పెట్టెలోకి, దిగిపోయి ఉంటుంది. లీటరు పోస్తారు. ఇంజిన్ వేడెక్కాక ట్యాంకు పొంగి ఆ ఆయిల్ గాలి పీల్చే గొట్టంలోకి పోయి నీలి పొగ మొదలవుతుంది. సమతలంగా ఉన్న చోట, బండి బాగా వేడెక్కాక, ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా చూసిన గీతే లెక్క. కలపాల్సి వస్తే అర లీటరుకి మించకుండా పోసి మళ్లీ చూడాలి.

1972లో ఒక్క ఏడాది ఈ ఆయిల్ ట్యాంకుని కూడా బరువు లెక్కతోనే వెనక చక్రానికి ముందుకు జరిపారు. ఆయిల్ పోసే మూత కుడి తలుపు వెనక బయటికే ఉండేది. బంకుల్లో దాన్నే పెట్రోల్ మూత అనుకుని పోసేవాళ్లు తయారయ్యారు. మరుసటి ఏడాదికి ట్యాంకు పాత చోటుకే వెళ్లిపోయింది.

అసలు తలనొప్పి క్రాంక్‌కేస్. వెనక బరువు తగ్గించాలని 1968 నుంచి దాన్ని అల్యూమినియం బదులు మెగ్నీషియంతో పోత పోశారు. 2.0 లీటర్లప్పుడు అది సరిపోయింది. ఇంజిన్ 2.2 అయింది, 2.4 అయింది, సిలిండర్ వ్యాసం 84 నుంచి 90 మి.మీ.కి పెంచి 2.7 చేశారు. కేసు మాత్రం అదే. సిలిండర్ హెడ్‌ని కిందికి బిగించి ఉంచే ఉక్కు స్టడ్‌లు మెగ్నీషియంలోకి మరలు తిరిగి ఉంటాయి. వేడెక్కినప్పుడు అల్యూమినియం సిలిండరు ఉక్కు స్టడ్ కన్నా ఎక్కువ సాగుతుంది. ఆ లాగుడంతా మెత్తటి మెగ్నీషియం మరల మీద పడుతుంది. కొన్నేళ్లకి మరలు ఊడి స్టడ్ పైకి వచ్చేస్తుంది. అమెరికాకి పంపిన 1975–77 కార్లలో పొగ నిబంధనల కోసం థర్మల్ రియాక్టర్లు తగిలించారు. మిగిలిపోయిన వాయువుల్ని హెడ్‌ల కిందే మండించే డబ్బాలవి. అసలే ఉడుకుతున్న కుండ కింద ఇంకో పొయ్యి పెట్టినట్టయింది. ఆ కాలపు 2.7 ఇంజిన్ ఇవాళ విప్పితే ప్రతి స్టడ్ రంధ్రానికీ ఉక్కు మరచుట్టు వేయించకుండా తిరిగి బిగించడం డబ్బు దండగ.

1978లో వచ్చిన 911 ఎస్‌సీతో క్రాంక్‌కేస్ తిరిగి అల్యూమినియం అయింది, 3.0 లీటర్లు, కేసు గట్టి. కానీ దీనికీ ఒక పుట్టుమచ్చ ఉంది. ఇంజిన్ పైనున్న ప్లాస్టిక్ ఎయిర్ బాక్స్. చలిలో స్టార్ట్ చేసేటప్పుడు బ్యాక్‌ఫైర్ అయితే, అంటే మంట గాలి గొట్టంలోకి ఎదురు తన్నితే, ఆ పేలుడు గాలి బయటికి పోయే దారి లేక డబ్బా నిలువునా చీలుతుంది. గాలి కొలత తప్పడంతో ఇక బండి స్టార్ట్ కాదు. ఎయిర్ బాక్స్ అడుగున రంధ్రం చేసి స్ప్రింగ్ మూత ఉన్న చిన్న వాల్వు ఒకటి ఎపాక్సీతో అతికిస్తే పేలుడు దాన్ని తోసుకుని పోతుంది. అది లేని ఎస్‌సీ కొంటే మొదటి వారంలో చేయించాల్సిన పని ఇదే. స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కకూడదు కూడా. అలాగే 1983 దాకా, వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ల చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్లు తమలో ఉన్న కాసింత ఆయిల్‌తోనే పనిచేసేవి. సీల్ కారిపోతే చైన్ వదులై పళ్లు దాటుతుంది, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. 1984 కారెరా 3.2లో వీటికి ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్లు వచ్చాయి. వాటినే పాత ఇంజిన్లకీ బిగించుకోవచ్చు, ఇప్పటికే చాలావాటికి బిగించి ఉంటారు.

టర్బో సంగతి వేరు. 1974లో ప్యారిస్‌లో చూపించిన 930కి 3.0 లీటర్లు, 260 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. 1978లో 3.3 లీటర్లు, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, 300 హార్స్‌పవర్. ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో ఒకటే, పెద్దది, అది ఊపందుకోవడానికి సమయం పట్టేది. మలుపులోంచి బయటికి వస్తూ తొక్కితే ఏమీ జరగదు. ఇంకాస్త తొక్కుతారు. అప్పుడు ఒక్కసారిగా మొత్తం బలం వచ్చి పడుతుంది, వెనక టైర్లు జారతాయి. బెదిరి కాలు తీస్తారు, ఆపైన జరిగేది పైన చెప్పిందే. ఇది చాలదన్నట్టు 3.3లో గేర్ల గలగల తగ్గించే కొత్త క్లచ్ కోసం ఇంజిన్ని ఇంకో 30 మి.మీ. వెనక్కి తోశారు. దీనికి వితంతువుల్ని చేసే కారని పేరు రావడంలో టర్బో పాలెంతో ఈ రేఖాగణితం పాలూ అంతే ఉంది.

నిజానికి కంపెనీ అప్పటికే 911ని సాగనంపే ఆలోచనలో ఉంది. ముందు ఇంజిన్ ఉన్న 928 దాని స్థానంలోకి రావాలి. 1981లో పగ్గాలు చేపట్టిన పీటర్ షుట్జ్ ఇంజినీరింగ్ అధిపతి హెల్ముట్ బాట్ గదిలో గోడ మీది చార్టు చూశారు. 928 గీత, 944 గీత ముందుకి సాగుతున్నాయి, 911 గీత 1981 చివర్లో ఆగిపోయింది. మార్కర్ తీసుకుని ఆ గీతని చార్టు అంచు దాటి గోడ మీదకి పొడిగించానని షుట్జ్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు.

964, 993: ఇరుసు మారిన చోటు

1989 మోడల్‌తో వచ్చిన 964 చూడ్డానికి పాత 911లాగే ఉంటుంది, భాగాల్లో మాత్రం 85 శాతం కొత్తవని కంపెనీ చెప్పింది. స్ప్రింగుల బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, టార్షన్ బార్లు, పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, పవర్ స్టీరింగ్, ఏబీఎస్ వచ్చాయి. గంటకి 80 కి.మీ. వేగం దాటాక పైకి లేచే స్పాయిలర్ వచ్చింది. మొదట విడుదలైంది కారెరా 4, అంటే నాలుగు చక్రాలకూ బలం: ముందుకి 31 శాతం, వెనక్కి 69. ఇంజిన్ 3.6 లీటర్లు, 250 హార్స్‌పవర్, సిలిండరుకి రెండేసి స్పార్క్ ప్లగ్‌లు.

ఆ రెండో ప్లగ్‌ల వరుస కోసం ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంకొకటి పెట్టారు, దాన్ని మొదటిది ఒక చిన్న రబ్బరు బెల్టుతో తిప్పుతుంది. డిస్ట్రిబ్యూటర్ లోపలి నిప్పురవ్వల వల్ల ఓజోన్ పుడుతుంది, ఓజోన్ రబ్బరుని కొరికేస్తుంది. బెల్టు తెగితే రెండో డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ ఎక్కడుందో అక్కడే ఆగిపోయి ఒకే సిలిండరుకి వేళాపాళా లేకుండా నిప్పు పెడుతూ ఉంటుంది. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి డ్రైవర్‌కి తెలియదు, తెలిసేసరికి పిస్టన్ కరిగి ఉండొచ్చు. ఓజోన్ బయటికి పోయేలా చిన్న గొట్టం తర్వాత చేర్చారు. పరీక్షించడం తేలిక: రెండో డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్ని వేళ్లతో తిప్పి చూడాలి. స్వేచ్ఛగా తిరిగితే బెల్టు లేనట్టే.

964కి మిగిలిపోయిన పాతవాసన సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్. దాన్ని తీసేసింది 993. 1994 మోడల్‌లో వెనక మల్టీలింక్ సస్పెన్షన్ ఒక ప్రత్యేకమైన అల్యూమినియం చట్రం మీద బిగించి వచ్చింది. ఇప్పుడు కాలు తీసినా, బ్రేకు తొక్కినా, లింకుల అమరిక వల్ల బయటి వెనక చక్రం ముందు అంచు లోపలికే తిరుగుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఎదురు తిరుగుతూ వచ్చిన చక్రం మొదటిసారి డ్రైవర్ పక్షం చేరింది. గాలితో చల్లబడిన చివరి తరమని 993ని నెత్తిన పెట్టుకుంటారు. నా లెక్కలో ఈ వెనక ఇరుసే దాని అసలు గొప్ప. 1995 టర్బోకి రెండు చిన్న టర్బోలు, నాలుగు చక్రాల బలం, 408 హార్స్‌పవర్. 930 భయం అక్కడితో ముగిసింది.

నీళ్లు ఎందుకు వచ్చాయి

996తో ఇంజిన్ని గాలికి బదులు నీళ్లతో చల్లబరచడాన్ని అభిమానులు ఇప్పటికీ ద్రోహంగానే తలుస్తారు. ఇంజినీర్లకి వేరే దారి లేదు. ఎక్కువ బలం, తక్కువ పొగ రెండూ కావాలంటే సిలిండరుకి నాలుగు వాల్వులుండాలి. నాలుగు వాల్వుల హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల మధ్యనున్న సన్నటి లోహానికి రెక్కల మీదుగా వీచే గాలి చేరదు, అది పగులుతుంది. రేసుల్లో 1978 నాటికే పోర్షె హెడ్‌లకి నీళ్లు పెట్టింది, 1986 నాటి పోర్షె 959 కారులోనూ హెడ్‌లు నీళ్లతో, సిలిండర్లు గాలితో చల్లబడేవి. శబ్ద నిబంధనలు ఇంకో ఒత్తిడి: ఫ్యాన్ హోరుని, రెక్కల గలగలని మూసిపెట్టే మార్గం లేదు. చివరి 993 కారు 1998 మార్చి 31న తయారైంది.

996 కంపెనీ దివాలా అంచున ఉన్నప్పుడు రూపుదిద్దుకున్న కారు. కంపెనీ అధిపతి వెండెలిన్ వీడెకింగ్ జపాన్ నిపుణుల్ని రప్పించి ఫ్యాక్టరీ పద్ధతుల్ని మార్చారు. ఖర్చు తగ్గించడానికి 996ని కంపెనీ ఇంకో కారు బాక్స్‌టర్‌తో కలిపి తయారుచేశారు. తలుపులు, ముందు భాగం, కోడిగుడ్డు అట్టులాంటి ఆ హెడ్‌లైట్లు రెండింటికీ ఒకటే. 3.4 లీటర్లు, 300 హార్స్‌పవర్, 2002 నుంచి 3.6 లీటర్లు, 320.

ఆ పొదుపు గీత ఇంజిన్ లోపలికి ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పే భాగం ఐఎమ్ఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్. క్రాంక్‌షాఫ్ట్‌కీ క్యామ్‌షాఫ్ట్‌లకీ మధ్య చైన్లని నడిపే ఒక నడిమి షాఫ్ట్ 911లో మొదట్నుంచీ ఉంది. పాత ఇంజిన్లలో దాని రెండు చివర్లూ ఒత్తిడితో ఆయిల్ అందే సాదా బేరింగుల్లో తిరిగేవి. 996 ఇంజిన్‌లో ఒక చివర, క్లచ్ వైపు, లోపల గ్రీజు నింపి రబ్బరు సీల్‌తో మూసిన బాల్ బేరింగ్ పెట్టారు. సీల్ ఉన్నది ఆయిల్ లోపలికి రాకుండా. కానీ ఏళ్లు గడిచేసరికి వేడికి గట్టిపడిన సీల్ సందులోంచి ఆయిల్ కొద్దికొద్దిగా లోపలికి చేరి గ్రీజుని కడిగేస్తుంది. చేరిన ఆయిల్ మళ్లీ బయటికి పోదు, ఎన్నిసార్లు ఇంజిన్ ఆయిల్ మార్చినా లోపలిది పాతదే, తేమా ఆమ్లమూ పట్టింది. బాల్స్ మీద గుంటలు పడతాయి, లోహపు పొడి రాలుతుంది, షాఫ్ట్ ఊగుతుంది, చైన్ పళ్లు దాటుతుంది, వాల్వులు పిస్టన్లని కొడతాయి. ఇంజిన్ మొత్తం పోతుంది.

మొదట్లో ఇది రెండు వరుసల బాల్స్ ఉన్న బేరింగ్. 2000–2001 ప్రాంతంలో ఒకే వరుసది పెట్టారు. సమస్య ఎక్కువగా దానిదే. అమెరికాలో 2013లో రాజీతో ముగిసిన సామూహిక దావాలో బయటికొచ్చిన లెక్కల ప్రకారం రెండు వరుసలవాటిలో ఒక శాతం లోపు, ఒక వరుసవాటిలో సుమారు 8 శాతం చెడిపోయాయి. తక్కువ తిరిగి గరాజులో ఎక్కువ కాలం నిలబడ్డ బండి భద్రం అనుకోవడం ఇక్కడ పొరపాటు, తేమ పట్టిన ఆయిల్ బాల్స్ మీద నిలిచి ఉండేది అలాంటివాటిలోనే.

బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దించాలి, కాబట్టి క్లచ్ మార్చినప్పుడే ఇదీ చేయించడం తెలివైన పని. వరుస తప్పకూడదు: క్రాంక్‌షాఫ్ట్‌ని పై స్థానంలో పిన్ను వేసి లాక్ చెయ్యాలి, క్యామ్‌షాఫ్ట్‌లని పట్టి ఉంచాలి, చైన్ టెన్షనర్లు వదులు చెయ్యాలి, ఆ తర్వాతే మూడు బోల్టుల ఫ్లాంజ్ తియ్యాలి. టెన్షనర్లు వదలకుండా ఫ్లాంజ్ తీస్తే చైన్ లాగుడుకి షాఫ్ట్ పక్కకి ఒరిగి టైమింగ్ తప్పుతుంది. అంతకన్నా ముందు ఆయిల్ ఫిల్టర్ కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడాలి. మెరిసే ఉక్కు రవ్వలు కనిపిస్తే బేరింగ్ మార్చినా లాభం లేదు, ఆ పొడి అప్పటికే ఇంజిన్ అంతా తిరిగి ఉంటుంది. 2006 నుంచి పెద్ద బేరింగ్ పెట్టారు. అది గట్టిదే, కాకపోతే బయటికి తీసే రంధ్రం కన్నా బేరింగే పెద్దది, ఇంజిన్ని రెండుగా విడగొడితే తప్ప రాదు. అలాంటివాటికి బయటివైపు సీల్ మాత్రం పీకేసి ఇంజిన్ ఆయిల్ తగిలేలా చేస్తారు.

నీళ్లతో ఇంకో చిన్న చిక్కు: రేడియేటర్లు ముందు బంపర్ రంధ్రాల వెనక ఉంటాయి, ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఆకులు చేరి కుళ్లి అల్యూమినియాన్ని తినేస్తాయి. ఏడాదికోసారి బంపర్ దించి శుభ్రం చేయించడం కొత్త రేడియేటర్ కన్నా చవక.

అదే 996 తరంలో రేసు తరహా రకమైన జీటీ3కీ, టర్బోకీ ఈ జబ్బు లేదు. వాటిలోది పోర్షె ఇంజినీర్ హాన్స్ మెట్జ్‌గర్ పేరుతో పిలిచే వేరే ఇంజిన్, 1998లో ల మాన్ రేసు గెలిచిన జీటీ1 ఇంజిన్‌కి బంధువు. పాతకాలపు క్రాంక్‌కేస్ పద్ధతి, సాదా బేరింగులు, నిజమైన డ్రై సంప్. 1999 జీటీ3లో 360 హార్స్‌పవర్, 2000 టర్బోలో 420. అయితే అమరత్వం ఎవరికీ లేదు. వీటిలో కూలెంట్ గొట్టాల మూతుల్ని జిగురుతో అతికించారు. ట్రాక్ మీది వేడికి జిగురు వదిలి గొట్టం ఊడితే లీటర్ల కొద్దీ కూలెంట్ సరిగ్గా వెనక టైర్ల ముందు పడుతుంది. వెల్డింగ్ చేయించని బండితో ట్రాక్ మీదికి వెళ్లడం వెనక వచ్చేవాళ్లకీ అన్యాయమే.

997 నుంచి ఇవాళ్టిదాకా

2004లో గుండ్రటి హెడ్‌లైట్లతో వచ్చిన 997 అభిమానుల అలక తీర్చింది. మొదటి సగంలోని ఇంజిన్లకి, ముఖ్యంగా 3.8కి, సిలిండర్ గోడలు గీతలు పడే జబ్బుంది. గోడలోని సిలికాన్ కణాలూ పిస్టన్ పైపూతా ఒకదాన్నొకటి తినడం మొదలెడితే ఆయిల్ ఖర్చు పెరుగుతుంది, వేడెక్కాక టక్‌టక్ శబ్దం వస్తుంది, రెండు పొగగొట్టాల్లో ఒకదానికే మసి పడుతుంది. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా పెడితే గీతలు తప్పిపోవచ్చు. అడుగున సంప్ ప్లేట్ విప్పి కింది నుంచి చూడమని అడగాలి. 2009 మోడల్‌లో డైరెక్ట్ ఇంజెక్షన్‌తో వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ నడిమి షాఫ్టే లేదు. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పీడీకే వచ్చింది కూడా దానితోనే. కొనేవాళ్లు రెండు సగాల మధ్య ఇంత తేడా పాటించడానికి కారణం ఇదే.

991తో మళ్లీ వీల్‌బేస్ కథ. ఈసారి ఏకంగా 100 మి.మీ. పెంచి 2450 చేశారు, వెనక ఇరుసుతో పోలిస్తే ఇంజిన్ ముందుకి వచ్చింది. స్టీరింగ్‌కి ఎలక్ట్రిక్ మోటార్ పెట్టారు, చేతికి తెలిసే రోడ్డు కబుర్లు తగ్గాయన్నది ఒప్పుకోవాల్సిందే. నిమిషానికి 9000 చుట్లు తిరిగే 475 హార్స్‌పవర్ జీటీ3 పీడీకేతో మాత్రమే వచ్చింది. 2014 మొదట్లో వాటిలో రెండు తగలబడ్డాయి. పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులై రాడ్ క్రాంక్‌కేస్‌ని పగలగొట్టుకుని బయటికొచ్చింది, ఆయిల్ వేడి గొట్టాల మీద పడి అంటుకుంది. అప్పటికి తయారైన 785 కార్లకీ కంపెనీ ఇంజిన్లే మార్చింది. ఇక మామూలు కారెరాలు తరం మధ్యలో 3.0 లీటర్ల జంట టర్బోకి మారాయి. గాలిని తనంతట తాను పీల్చే ఇంజిన్ ఆ తర్వాత జీటీ కార్లకే దాదాపు పరిమితమైంది.

వింత ఏమిటంటే 2017లో కంపెనీ తన 911 ఆర్‌ఎస్‌ఆర్ రేసు కారులో ఇంజిన్ని వెనక ఇరుసుకి ముందుకి తిప్పి పెట్టేసింది. కారు కింది గాలితో బండిని నేలకి అదిమే పెద్ద డిఫ్యూజర్‌కి వెనక అడుగున చోటు కావాలంటే ఇంజిన్ అడ్డం తప్పుకోవాలి. రోడ్డు కారులో మాత్రం అది కదల్లేదు, వెనక చిన్న సీట్లు పోతాయి కాబట్టి.

2019లో మొదలైన 992 సగం దారిలో, 2024లో, కారెరా జీటీఎస్ హైబ్రిడ్ అయింది. 3.6 లీటర్లు, 541 హార్స్‌పవర్. టర్బో ఒకటే, దాని షాఫ్ట్ మీదే ఎలక్ట్రిక్ మోటార్ ఉండి ఎగ్జాస్ట్ ఊపు కోసం ఎదురుచూడకుండా ముందే తిప్పేస్తుంది. 930లో మలుపు మధ్య వచ్చే ఆ నిశ్శబ్దం ఇందులో లేదు. ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి బెల్టులు పోయాయి, ఇంజిన్ ఎత్తు 110 మి.మీ. తగ్గి ఆ ఖాళీలో ఇన్వర్టర్ కూర్చుంది. మొత్తం మీద బరువు 50 కిలోలు పెరిగింది. 400 వోల్టుల బ్యాటరీ 1.9 కిలోవాట్ అవర్‌లది, బరువు 27 కిలోలు. దాన్ని పెట్టడానికి వెతికిన చోటు కారు ముందు భాగం, 1969లో రెండు బ్యాటరీలు, అంతకుముందు రెండు ఇనుప దిమ్మెలు చేరిన వైపే.